ఎర్ర బటన్ దగ్గర పైడమ్మ

గవర్రాజు నొప్పి అని నోరు విప్పి చెప్పగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. గనిలో ఇనుప రాయి మోసే బెల్టు పక్కన నడిచి నడిచి మోకాళ్ళు అరిగిపోయినా, రిటైరయ్యాక పళ్ళు ఒక్కొక్కటే ఊడిపోతున్నా, "బాగానే ఉందిలే" అనడం తప్ప మరో మాట ఎరగడు. అలాంటి మనిషి ఆ ఉదయం టీ గ్లాసు సగంలో కింద పెట్టేసి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని వంటగది గుమ్మంలోనే కూలబడిపోయాడు.

"ఒలే పైడీ, నాను సచ్చిపోతన్నానే" అన్నాడు.

డ్యూటీకి బూట్లు తొడుక్కుంటున్న కొడుకు సింహాచలం ఆ మాట విని, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడుతో అలాగే పరుగెత్తి తండ్రిని పట్టుకున్నాడు.

పైడమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే కసిరింది. "పొద్దున్నే ఆ మాటలేటి? రాత్రి పనసకాయ కూర మళ్ళీ ఏసుకోవద్దంటే విన్నావేటి? గ్యాసు పట్టేసింది." కసురుతూనే వాము నలిపి వేడినీళ్ళలో కలిపి తెచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి మొత్తం కక్కేశాడు. ఆవిడ కొంగుతో మూతి తుడిచి, పొట్ట మీద చెయ్యి వేసి నొక్కింది. "సూడ్రా, దూదిలాగుంది పొట్ట. గ్యాసే."

సింహాచలం కూడా నొక్కి చూశాడు. నిజంగానే మెత్తగా ఉంది. ఆ మెత్తదనం చూసి మనసు కాస్త కుదుటపడబోయింది. కానీ తండ్రి మొహం వైపు చూస్తే అది నిలవలేదు. పెదవులు బూడిద రంగుకి తిరిగాయి. ఫ్యాను కింద కూడా మెడ మీంచి చెమట ధార కట్టి కారుతోంది. కళ్ళు ఎక్కడా ఆగడం లేదు.

గనుల ఊరు కిరందుల్‌లో క్వార్టర్ల నుంచి కంపెనీ ఆసుపత్రి ఎంతో దూరం లేదు. పక్కింటివాళ్ళ ఆటోలో తీసుకుపోయారు. అక్కడి కుర్ర డాక్టరు కూడా పొట్ట నొక్కాడు, జ్వరం చూశాడు, జ్వరం లేదన్నాడు. ఆ తరవాత చెయ్యి పట్టుకుని నాడి చూడడం మొదలుపెట్టి ఎంతసేపటికీ వదల్లేదు. గుండెకి వైర్లు పెట్టి కాగితం తీయించాడు. అది చూశాక మనిషి మాటలో తొందర వచ్చేసింది.

"నొప్పి చూస్తే ఇంత. పొట్ట చూస్తే ఏమీ లేనట్టుంది. ఈ రెండూ పొసగడం లేదు" అన్నాడు హిందీలో. "గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. రంగు మందు ఎక్కించి పొట్టకి సీటీ స్కాన్ తీయాలి. ఆ మెషీన్ మా దగ్గర లేదు. జగదల్‌పూర్ తీసుకెళ్ళండి. ఇప్పుడే."

"గ్యాస్ కాదా సార్?" అని అడిగాడు సింహాచలం.

డాక్టరు జవాబు చెప్పకుండా నొప్పి సూది వెయ్యమని నర్సుకి చెప్పి, అంబులెన్సుకి తనే ఫోన్ చేశాడు. కాదని చెప్పి ఉంటే కూడా సింహాచలం అంత భయపడేవాడు కాదు.

అంబులెన్సు నడిపేవాడు మంగు. దంతెవాడ దగ్గరి హల్బీ మాట్లాడే మనిషి. ఈ రోడ్డు మీద ఏ గుంట ఎక్కడుందో స్టీరింగుకే తెలుసన్నట్టు తోలుతాడు. వర్షం వెలిసి ఎర్ర బురద రోడ్డంతా పరుచుకుని ఉంది. ముందు రాయి లారీలు ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయి. హారన్ మీద హారన్ కొడుతున్నాడు మంగు.

"ఆంధ్రా వాళ్ళ పొట్టలో మిర్చీ తప్ప ఏముంటుంది అమ్మా, దిగిపోతుంది" అన్నాడు అద్దంలోంచి పైడమ్మని చూసి.

"మీ వాళ్ళ పొట్టలో ఇప్ప సారా ఉంటాది, మా వాళ్ళ పొట్టలో మిరపకాయ. ఏది మేలో డాక్టర్నే అడుగుదాం, నువ్వు ముందు బండి తోలు" అంది పైడమ్మ. భయం కప్పిపుచ్చుకోవడానికే మాటలు కలిపిందని సింహాచలానికి అర్థమైంది. మాట ఆగితే ఏడుపు వచ్చేస్తుంది.

అందుకే కాబోలు, గీదం దాటేదాకా మేక కథ చెప్పింది. గవర్రాజుది బెల్టు లైను మీద పని. కొండ మీంచి కిందికి రాయి దించే బెల్టు పొడుగునా ఓ తాడు కట్టి ఉంటుంది. బెల్టు మీద ఏ తేడా కనిపించినా ఆ తాడు లాగాలి. లాగితే బెల్టు ఆగిపోతుంది. లాగినవాడు ఆ చోటికే పోయి చూసుకుని, తాడు సరిచేసి, లైను ఖాళీగా ఉందని ఫోనులో చెబితే తప్ప పైన కంట్రోల్ రూమువాళ్ళు మళ్ళీ నడపకూడదు. ఒకసారి కొండవాళ్ళ మేక ఒకటి బెల్టెక్కి కూర్చుంది. గవర్రాజు తాడు లాగేశాడు. పనంతా ఆగింది. ఆఫీసర్లు జీపుల్లో దిగారు. మేకకోసం ఆపావా అంటే, "పేణం ఉన్నది ఏదైనా బెల్టు మీదుంటే ఆపమన్నారు సార్, మేకని మినహాయించమని ఎవరూ సెప్పలేదు" అన్నాడట. ఆ తరవాత ఏడాదిపాటు ఆయన్ని మేకరాజు అని పిలిచారు.

మంగు నవ్వాడు. స్ట్రెచర్ మీద గవర్రాజు నవ్వలేదు. కళ్ళు మూసుకుని పళ్ళు లేని దవడలు నూరుతున్నాడు. ఘాట్ మలుపుల్లో బండి ఊగినప్పుడల్లా ఆయన గొంతులోంచి సన్నటి మూలుగు వస్తోంది. సింహాచలం ఆ మూలుగు ఎన్నడూ వినలేదు. తను కంట్రోల్ రూము మనిషి. అక్కడ ఎక్కడ ఏం చెడినా ముందున్న పెట్టె మీద ఏదో ఒక దీపం వెలుగుతుంది. ఈ పొట్టలో ఎక్కడ ఏం చెడిందో చెప్పే దీపమే లేదు. చెయ్యి వేస్తే మెత్తగా ఉంది, అంతే.

జగదల్‌పూర్ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ చూస్తున్నది నడివయసు డాక్టరమ్మ. కిరందుల్ డాక్టరు ఫోనులో అంతా చెప్పి ఉంచాడు. ఆవిడా పొట్ట నొక్కింది, మెత్తగా ఉందని తల ఊపింది. సింహాచలం ఇంక ఉండబట్టలేక, "మెత్తగా ఉంటే మంచిదేగా మేడం?" అన్నాడు.

"కుర్రవాడైతే మంచిదే" అందావిడ. "లోపల పెద్ద గొడవ జరుగుతుంటే కుర్రవాడి పొట్ట రాయిలా బిగుసుకుంటుంది. జ్వరం వస్తుంది. రక్తంలో తెలుస్తుంది. ముసలివాళ్ళకి ఇవేవీ రాకపోవచ్చు. పొట్ట మెత్తగా ఉంది కదా అని ఇంటికి పంపేస్తే మర్నాటికి మనిషి ఉండకపోవచ్చు. అందుకే నేను నా చేతిని నమ్మను. లోపల చూడాల్సిందే."

"ఏమై ఉంటుంది మేడం?"

ఆవిడ అతన్ని ఒక్క అడుగు పక్కకి తీసుకెళ్ళింది. "లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ ముక్క కొట్టుకొచ్చి పేగులకి వెళ్ళే నాళంలో అడ్డం పడిందేమోనని నా అనుమానం. అదే అయితే పేగు గంటగంటకీ చచ్చిపోతుంటుంది. రంగు మందుతో సీటీ తీస్తే ఎక్కడ ఆగిందో కనిపిస్తుంది. కిడ్నీలు అంత బాగా లేవు, ఆ మందు రెండోసారి ఇవ్వలేను. ఒక్కసారిలోనే అయిపోవాలి."

సింహాచలం తల ఊపాడు. పేగు చచ్చిపోతుంది అన్న ముక్క ఒక్కటే చెవిలో నిలిచింది. తల్లి దూరం నుంచి కళ్ళతోనే అడుగుతోంది. "ఫోటో తీస్తారట, అంతే" అన్నాడు ఆవిడతో.

సీటీ గదిలో మెషీన్ నడిపేది ఉప్పలయ్య. తెలుగు సరిహద్దులోని కొంటా మనిషి. గవర్రాజు ఇంటిపేరు నుంచి ఊరు దాకా కాగితంలో చదివి మొహం విప్పార్చుకున్నాడు. "మనోల్లే! ఏంది తాతా, ఇంతదూరం వచ్చినవు ఫోటో దిగనీకి? దువ్వెన తెచ్చుకున్నవా మరి?" అంటూ గవర్రాజుని బల్ల మీదికి మార్చాడు. చేతులు రెండూ తలపైకి పెట్టించాడు. ఎడమ మోచేతి దగ్గర సూది గుచ్చి, దానికి సన్నటి గొట్టం తగిలించాడు. ఆ గొట్టం బల్ల పక్కనుంచి పొడుగ్గా సాగి రంగు మందు యంత్రం దాకా పోయింది. "ముందుగాల బల్ల ఒకసారి ఉత్తగనే లోపలికి పోయొస్తది. కదలకు. మందు తర్వాత" అని చెప్పి, అందరినీ అద్దం అవతలి గదిలోకి తీసుకొచ్చి తలుపు వేశాడు.

బల్ల కదిలింది.

అద్దంలోంచి సింహాచలం చూస్తూనే ఉన్నాడు. తండ్రి కళ్ళు తెరిచాడు. కింద బల్ల సాగిపోతోంది, ముందు పెద్ద గుండ్రటి నోరు ఉంది, లోపల ఏదో గిర్రున తిరుగుతోంది. తల పక్కకి తిప్పాడు. చేతికి అందేంత దూరంలో గొట్టం కనిపించింది. కుడిచేత్తో దాన్ని పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగేశాడు.

సూదితో సహా ఊడివచ్చింది. తెల్లటి దుప్పటి మీద రక్తం చిమ్మింది. ఉప్పలయ్య మెషీన్ ఆపి లోపలికి పరుగెత్తాడు. గవర్రాజు లేచి కూర్చోబోతున్నాడు, దిగిపోతానంటున్నాడు.

"ఏం పని తాతా ఇది? నరం ఊడపీకినవు" అన్నాడు ఉప్పలయ్య దూది అదిమిపట్టి. నవ్వు పోయింది అతని మొహంలోంచి.

డాక్టరమ్మ వచ్చింది. నొప్పికి తికమకపడి ఉంటాడంది. మత్తు ఇచ్చి పడుకోబెట్టడం ఒక దారి, కానీ ఈ గుండెకి, పడిపోతున్న ఈ బీపీకి మత్తు డాక్టరు పక్కన లేకుండా ఇస్తే ఊపిరే ఆగిపోవచ్చు. ఆయన ఆపరేషన్‌లో ఉన్నాడు, ఎప్పుడు బయటికి వస్తాడో తెలీదు. కోసి అనే నర్సు అప్పటికే రెండో చేతికి నరం వెతుకుతోంది. ముసలి నరాలు, సూది తగలగానే పక్కకి జారిపోతున్నాయి. చెయ్యి తట్టి, వేడి గుడ్డ పెట్టి, చాలాసేపటికి ఒకటి దొరకబుచ్చుకుంది. "ఇదే ఆఖరుది" అంది హిందీలో, పైకి చూడకుండా.

పైడమ్మ కోపం పట్టలేకపోయింది. "పిచ్చేటి నీకు? బతికించడానికి ఆళ్ళు తంటాలు పడతంటే పీకి పారేత్తావా? పడుకో."

"పడుకోను."

"నాన్నా, ఫోటో తీస్తారంతే" అన్నాడు సింహాచలం. "కళ్ళు మూసుకుంటే అయిపోద్ది."

గవర్రాజు కొడుకు వైపు అసహ్యంగా చూశాడు. నొప్పికి మాట ముక్కలుముక్కలుగా వస్తోంది. "బెల్టు మీద మనిసున్నాడ్రా. మనిసుంటే... నడిపేస్తారేట్రా? తాడు లాగినా... ఆగనీరా? తాడు కూడా కాదది. పీలిక. లైను కాడ ఒక్కడూ లేడు. అందరూ పోయి గాజు గదిలో కూకున్నారు."

సింహాచలానికి అప్పుడు అర్థమైంది. ఈయనకి తికమక ఏమీ లేదు. ముప్పై ఏళ్ళు ఏ పనికి జీతం తీసుకున్నాడో ఆ పనే చేశాడు. సింహాచలం ఎన్నిసార్లు చూశాడో, కంట్రోల్ రూములో తాడు దీపం వెలగగానే ఫలానా చోట ఎవడో లాగాడురా అని విసుక్కునేవారు, కానీ కిందివాడు ఖాళీ అని చెప్పేదాకా ఎంతటి ఆఫీసరూ బటన్ జోలికి పోడు. నొక్కితే ఉద్యోగం పోవడం తరవాతి మాట, ఒక మనిషి పోతాడు. ఆ నియమంలోనే బతికినవాడికి కదలకుండా పడుకో అని ఎంత చెప్పినా తలకెక్కదు.

అర్థమైనందుకు భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది. రెండోసారి ఈ గొట్టం లాగితే ఇంకో నరం లేదు.

ఉప్పలయ్య దగ్గరికి పోయి గొంతు తగ్గించి, "అన్నా, ఈ బల్లని ఆపే బటన్ ఏమైనా ఉందా, మనిషి పక్కన?" అని అడిగాడు.

"ఎందుకుండదు? మెషీన్‌కే ఉంది, ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి. ఒత్తితే అన్నీ బంద్. ఏం?"

సింహాచలం రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. ఉప్పలయ్య తల గోక్కుని డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ వాచీ చూసుకుని, "ఏం చేస్తారో తొందరగా చెయ్యండి" అంది.

ఉప్పలయ్య గవర్రాజుకి ఆ ఎర్ర బటన్ చూపించాడు. ఖాళీ చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టించి నొక్కించాడు. బల్ల ఆగింది. లోపలి తిరుగుడు ఆగింది. సరిచేసి మళ్ళీ కదిలించాడు, మళ్ళీ నొక్కించాడు. గవర్రాజు మొదటిసారి శ్వాస నిండా పీల్చాడు.

"ఎవుడు నిలబడతాడు ఇక్కడ?" అని అడిగాడు.

"నేనుంటాను నాన్నా."

"నువ్వొద్దు. నువ్వు గదిలోవోడివి. నీకు దీపం ఎలిగితే గాని తెల్దు." ఆయన చూపు పైడమ్మ మీదికి పోయింది. "మీయమ్మని నిలబెట్టు."

"అమ్మకి మిక్సీ ఆపడమే రాదు నాన్నా."

"అది నా మొకం సూత్తాది. సాలు."

పైడమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. కరెంటు స్విచ్చి వెయ్యాలంటే చెక్క చెంచాతో వేసే మనిషి. "ఒరే, నా వల్ల కాదురా" అంటూనే భర్త కళ్ళల్లోకి చూసి ఆగిపోయింది.

"నాను ఆపమంటే ఆపుతావా?" అన్నాడు గవర్రాజు.

"ఆపుతాను."

"ఒట్టేటి?"

"ఒట్టే" అంది ఆయన చెయ్యి తాకి.

మెషీన్ కిరణాలు తగలకుండా ఆవిడకి సీసపు ఏప్రన్ తొడిగారు. పొడుగు మనిషి కొలతది, పాదాల దాకా వేలాడింది. ఆ బరువుకి భుజాలు వంగిపోయాయి. సింహాచలం ఏప్రన్ తాళ్ళు కడుతున్నట్టుగా వంగి, తండ్రికి వినపడకుండా చెప్పాడు. "అమ్మా, రంగు మందు ఎక్కగానే ఒళ్ళంతా కాలినట్టు అవుతుందట. అరుస్తాడు. అరిచినా నొక్కకు. ఆ మందు ఒక్కసారే ఇస్తారు. మధ్యలో ఆపితే ఇంక చూడ్డానికి దారి లేదు. నొక్కకమ్మా."

"ఒట్టేసేన్రా" అంది పైడమ్మ.

"తెలుసు."

ఆవిడ నొక్కుతుందో నొక్కదో ఆ మొహం చూసి చెప్పడం దేవుడి తరం కాదు. బటన్ పక్కకి పోయి, కుడి అరచెయ్యి దాని మీద ఆనించి నిలబడింది.

అద్దం వెనక ఉప్పలయ్య కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరమ్మ అతని భుజం మీంచి చూస్తోంది. సింహాచలం నిలబడ్డాడు. మాటలు వినపడే మైకు ఒకటి ఉంది.

"అన్నా, అమ్మ ఒత్తిందనుకో..." అన్నాడు ఉప్పలయ్య.

"తెలుసు" అన్నాడు సింహాచలం.

బల్ల కదిలింది. గవర్రాజు వేళ్ళు ముడుచుకున్నాయి గానీ గొట్టం వైపు పోలేదు.

"పైడీ" అని వినిపించింది మైకులోంచి.

"ఉన్నాను."

బల్ల లోపలికి పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ ఆగింది. ఉప్పలయ్య ఒక మీట నొక్కాడు. రంగు మందు యంత్రం బుస్సుమంది. గొట్టంలో చుక్క కదిలింది.

"ఒలే... మంట. ఒలే, గొంతు కాలిపోతంది. కింద తడిసిపోతంది. ఒళ్ళంతా అంటుకుపోతంది."

పైడమ్మ కదలలేదు.

"ఆపు. పైడీ, ఆపు. ఆపవే."

ఆవిడ చెయ్యి బటన్ మీద బిగుసుకుంది. ఉప్పలయ్య మైకు దగ్గరికి వంగి, "తాతా, ఊపిరి బిగబట్టు" అన్నాడు. గవర్రాజు బిగబట్టడం లేదు, అరుస్తున్నాడు. సింహాచలం ముందర కూడా మాట్లాడే మీట ఉంది. అది నొక్కి వద్దమ్మా అని అరవాలనిపించింది. గదిలోంచి వచ్చే గొంతు వింటే తండ్రి గొట్టం మీద చెయ్యి వేస్తాడేమో. నోరు నొక్కుకుని నిలబడ్డాడు. ఆపేస్తుంది అనుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, మొగుడు మాట ఏనాడూ దాటని మనిషి, ఒట్టు వేసిన మనిషి, ఆపేస్తుంది.

పైడమ్మ చెయ్యి తీసేసింది. తీసి, రెండు చేతులూ ఏప్రన్ లోపలికి దోపేసుకుంది, తన చేతుల్ని తనే నమ్మనట్టు. వంగి ఆయన మొహం దగ్గరికి మొహం పెట్టింది.

"ఆపను" అంది. "ఎంత అరిసినా ఆపను. ఊపిరి బిగబట్టు. నోరు మూసి బిగబట్టెహె."

గవర్రాజు నోరు మూశాడు. ఆమెనే చూస్తూ బిగబట్టాడు. బల్ల జారిపోయింది, గుండ్రటి నోరు గిర్రున తిరిగింది, వెనక్కి వచ్చింది. "అయిపోయింది" అన్నాడు ఉప్పలయ్య. ఆ మాటకి సింహాచలం గోడ పట్టుకున్నాడు.

తెర మీద బొమ్మలు ఒకదాని వెంట ఒకటి కదిలాయి. నల్లటి పొట్టలో తెల్లటి కొమ్మలు. డాక్టరమ్మ ఒక కొమ్మ వెంట వేలు జరుపుకుంటూ వచ్చి ఆపేసింది. అక్కడిదాకా పాలలా తెల్లగా ఉన్నది, అక్కడ తెగిపోయింది. ఆ కింద ఏమీ లేదు, బూడిద రంగు. ఉప్పలయ్య కుర్చీలో వెనక్కి జరిగాడు.

"ఇదే" అంది డాక్టరమ్మ. అప్పటికే ఫోను చెవి దగ్గర ఉంది. "సర్జన్‌ని పిలవండి. మత్తు డాక్టరు బయటికి రాగానే ఇదే ముందు. ఇంకేదీ కాదు."

ఆ తరవాత అంతా పరుగే. సంతకాలు, సూదులు, స్ట్రెచర్. ఆపరేషన్ గది తలుపు దగ్గర గవర్రాజు పైడమ్మ వైపు ఒక్కసారి చూశాడు. తలుపు మూసుకుంది.

ఆవిడ వరండాలో నేల మీదే కూర్చుంది. ఏప్రన్ తీసేశాక కూడా భుజాలు అలాగే వంగిపోయి ఉన్నాయి. "ఏం సెప్పింది డాక్టరమ్మ?" అని అడిగింది. ఇందాక ఫోటో అని చెప్పి తప్పించుకున్న సింహాచలానికి ఈసారి అబద్ధం నోట రాలేదు. రక్తం గడ్డ సంగతి, పేగుల సంగతి అంతా చెప్పాడు. ఆవిడ విని, "అందుకే అంత అరిసేడు. నాను గ్యాసు గ్యాసు అన్నాను" అంది. అనేసి గోడకి తల ఆనించుకుంది. అంబులెన్సులో అన్ని కబుర్లు చెప్పిన మనిషి ఇలా నోరు కట్టేసుకోవడం చూస్తే అతనికి మరీ భయమేసింది.

బయట ఎండ చల్లబడుతుండగా సర్జన్ వచ్చాడు. టోపీ గుర్తు నుదుటి మీద ఎర్రగా పడింది. నాళంలోంచి గడ్డ తీశామన్నాడు. పేగుకి చాలామటుకు రంగు తిరిగొచ్చింది. ఒక చోట కొంత మేర నల్లబడింది, అది కోసేశారు. ఇంకొంత మేర అటూ ఇటూ కాకుండా ఉంది, బతుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు. "పొట్ట తాత్కాలికంగా మూశాం. రేపు పొద్దున మళ్ళీ తెరిచి చూస్తాం. రంగు నిలిస్తే కుట్టేస్తాం. నిలవకపోతే..." అని ఆగి, "రేపు చూద్దాం. ఇంకొంచెం ఆలస్యంగా వచ్చి ఉంటే ఈ మాట కూడా చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు.

సింహాచలం తల్లికి తెలుగులో చెప్పాడు.

"మళ్ళీ కోత్తారా?"

"మళ్ళీ తెరిచి చూస్తారమ్మా."

"బతుకుతాడా?"

"రేపటిదాకా తెలీదు."

లోపలికి ఇద్దర్నీ కాసేపు పంపించారు. గవర్రాజు నోట్లో గొట్టం ఉంది. ముక్కు దగ్గర ఇంకొకటి. మెషీన్ ఊదుతుంటే ఛాతీ లేచి దిగుతోంది. పొట్ట మీద పచ్చ గుడ్డ పరిచారు. సింహాచలం దాని వైపు చూడలేక కాళ్ళ వైపు చూశాడు. ఆ అరికాళ్ళు తను పుట్టకముందు నుంచీ నడుస్తున్న కాళ్ళు, పగుళ్ళలో ఎర్ర దుమ్ము ఇంకా అలాగే ఉంది.

పైడమ్మ మంచం పక్కన నిలబడి, ఆయన చెవి దగ్గర మామూలు గొంతుతోనే, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడింది.

"ఆపమన్నావు. నాను ఆపలేదు. ఒట్టు తప్పేను. కోపం వస్తే వచ్చిందిలే, కళ్ళు తెరిసినాక తిట్టుదువుగాని. రేపు మళ్ళీ తెరుత్తారట. నాను బయటే ఉంటాను."

ఆయన కళ్ళు తెరవలేదు. నర్సు వచ్చి భుజం తట్టి, ఇంక బయట కూర్చోండి అంది.

తలుపుకి ఎదురుగా ఇద్దరూ కూర్చున్నారు. "నువ్వెళ్ళి ఏటైనా తినిరా" అంది పైడమ్మ. సింహాచలం సరే అన్నాడు గానీ లేవలేదు. లోపలికి నర్సులు పోతున్నారు, వస్తున్నారు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ తల్లీ కొడుకూ ఇద్దరూ లేచి నిలబడ్డారు.